ఎర్రరాళ్ళ చేను

మా అత్తగారు వెంకటరావమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, కొండకింద చేలో కలుపు తీస్తుంటే అరికాల్లో ఏదో గుచ్చుకుందట. తీసి చూస్తే దానిమ్మ గింజంత ఎర్రరాయి. కెంపు దొరికిందనుకుని కొంగున ముడేసుకుని పరుగున వెళ్ళి మామగారికి చూపించిందట. ఆయన నవ్వి, అలాంటివి తట్టెడు ఏరి ఇస్తాను, మెడకు చాలినన్ని గుచ్చుకోమన్నాడట. నా పెళ్ళయిన కొత్తలో ఈ మాట నాకు చెబుతూ ఆవిడ కూడా నవ్వింది.

ఆ చేనుకు ఊళ్ళో పేరే ఎర్రరాళ్ళ చేను. వినుకొండ రోడ్డు దిగి మా ఊరు దాటాక, కొండవాలు ఆగి నల్లరేగడి మొదలయ్యే చోట ఉంటుంది. వానలకు కొండమీది నుంచి మట్టితోపాటు ఆ రాళ్ళూ జారి వస్తాయి. వాన వెలిసి ఎండ కాసిందంటే చేనంతా నిప్పురవ్వలు చల్లినట్టు మెరుస్తుంది. చూసేవాళ్ళకు అందమే కాని మిరప వేసేవాళ్ళకు అదొక చీదర. కల్లంలో ఎండబోసిన కాయల్లో కలిసిపోతే కంటికి ఆనవు. గుంటూరు యార్డులో బస్తా విప్పినప్పుడు గలగలా రాలితే, తూకానికి రాళ్ళు కలిపారని కొనేవాడు మొహంమీదే అనేస్తాడు. అందుకని అత్తగారు ఏటా దుక్కి అయ్యాక ఒకసారి, కల్లంలో ఇంకోసారి ఆ రాళ్ళు ఏరి, తట్టలకెత్తి వాగులో పోసేది. మామగారు బాపయ్య ఆ చేనును తిట్టని రోజు లేదు, వెళ్ళి చూసి రాని రోజూ లేదు.

మొన్నటి ఎన్నికలదాకా మా ఇంట్లో ఆ రాళ్ళ గురించి ఇంతకు మించి మాటలు లేవు.

మా ఆయన చైతన్యకృష్ణ అప్పటికి పురుగుమందుల కొట్టు ఎత్తేసి పార్టీలో తిరుగుతున్నాడు. చెడ్డవాడు కాదు. సభలకు కుర్చీలు వేయించడం, నాయకుల కార్లకు ఎదురెళ్ళడం, దండలు తెప్పించడం ఆయన పని. దండలు అందించేది ఆయనే. ఫోటో తీసే వేళకు మాత్రం ఎవరో ఒకరు మోచేత్తో వెనక్కి నెట్టేవారు. ఇంటికొచ్చి ఆ ఫోటోను ఫోన్లో పెద్దది చేసి, ఎవరి భుజం వెనకో సగం కనబడే తన మొహాన్ని నాకు చూపించేవాడు. నేను బాగుందనేదాన్ని.

మాఘమాసంలో మిరపకోతలు ముమ్మరంగా సాగుతుండగా మండల నాయకుడు పానకాలు మా కల్లానికి వచ్చాడు. సభకు కూలీల్ని తోలమని అడగడానికి వచ్చిన మనిషి, అత్తగారు ఏరి పెట్టిన రాళ్ళతట్ట దగ్గర ఆగిపోయాడు. గుప్పెడు తీసి ఎండకు పెట్టి చూశాడు. ఇవేంటని అడిగితే, ఏముంది, కొండరాళ్ళు అన్నాడు మామగారు. పానకాలు వాటిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. మాది పల్నాడు. పౌరుషం మాట ఎత్తకుండా ఇక్కడ ఏ పార్టీ సభా మొదలవదు. ఆ సంగతి పానకాలుకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"చైతన్యా, ఇవి రాళ్ళు కావురా," అన్నాడు చివరికి. "నెత్తురు."

కోత కూలీలు ఇంకో మడి దాటకముందే వినుకొండ సెంటర్లో ఫ్లెక్సీలు లేచాయి. గుమ్మడికాయంత ఎర్రరాయి, దాని వెనక కత్తి, కత్తి పక్కన మా పార్టీ అభ్యర్థి. పల్నాటి యుద్ధంలో వీరులు చిందించిన నెత్తురు గడ్డకట్టి రాళ్ళయిందని, ఆ రాళ్ళను నేలతల్లి మా ఊరి చేలో దాచి ఉంచిందని రాశారు. అడుగున గుండ్రటి బొమ్మలో మా ఆయన ఉన్నాడు. ఈసారి మొహం మొత్తం కనబడింది. ఆ ఫ్లెక్సీ కింద నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం పెళ్ళిలో కూడా చూడలేదు నేను.

అత్తగారు ఒక్కతే నోరు మూసుకోలేదు. యుద్ధం జరిగింది కారెంపూడిలో గదా, నెత్తురు ఇంత దూరం నడిచొచ్చి మన కొండెక్కిందా అని కొడుకుని అడిగింది. ఆయన కూడా నవ్వేశాడు. అప్పటికి అది మా ఇంట్లో ఇంకా నవ్వుకునే సంగతే.

ఆ రోజుల్లోనే అత్తగారి కంట్లో పొర తీయించడానికి గుంటూరు తీసుకెళ్ళాను. బ్రాడీపేటలో కళ్ళాసుపత్రికి రెండు సందుల అవతల ఆయేషా ఉంటుంది. డిగ్రీలో నాతోపాటు ఒకే హాస్టలు గదిలో ఉన్న పిల్ల, ఇప్పుడు కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతోంది. ఆపరేషన్ అయ్యాక అత్తగారిని కాసేపు వాళ్ళింట్లో పడుకోబెట్టి, సంచీలో వేసుకొచ్చిన మా చేను రాళ్ళు తీసి దాని ముందు పోశాను. ఆయేషా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దంలోంచి చూసి, గార్నెట్ అంది. గోమేధికం కూడా ఈ కుటుంబంలోదేనట. మంచివైతే నగల్లో పొదుగుతారు, వీటికి లోపలంతా పగుళ్ళు, కంసాలి ముట్టుకోడు, తలుపులు నున్నచేసే ఉప్పు కాగితానికి మాత్రం బాగా పనికొస్తాయి అని చెప్పింది. నేను ఫ్లెక్సీల సంగతి చెబితే నవ్వలేదు.

మంచంమీద నుంచి అత్తగారు, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని, "అయితే నెత్తురు కాదంటావా అమ్మా?" అంది.

"భూమ్మీద నెత్తురు అనేదే పుట్టకముందు పుట్టినయ్యి పెద్దమ్మా ఇవి," అంది ఆయేషా. "అప్పటికి మనిషి సంగతటుంచండి, చేప కూడా లేదు."

అత్తగారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, తిరుగు బస్సులో పక్కసీటావిడకు కూడా చెప్పింది. అంత పాతవాటిని ఇన్నాళ్ళూ తిట్టుకుంటూ ఏరానే అని తనలో తను అనుకుంది.

ఇంటికొచ్చాక నేను చెప్పింది విని మా ఆయన కేకలేమీ వేయలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. పేరు చెప్పాను. "ఆ పేరు బయట ఎక్కడా ఎత్తమాక," అన్నాడు. "మన వీరుల సంగతి వాళ్ళకేం తెలుసంటారు. నేను అనను. అంటారు." ఆ మాట అన్నది ఆయన కాకపోయినా, ఆయన నోట్లోంచే విన్నాను. మామగారు అరుగుమీద కూర్చుని అంతా వింటూనే ఉన్నాడు.

ఉగాది దగ్గరపడుతుండగా పెద్దసభ మా చేను పక్కనే పెట్టారు. చివరి కోత ఇంకా మొక్కలమీదే ఉంది. ఆ పొద్దున మామగారు టీ తాగుతుంటే మా ఆయన వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అభ్యర్థి స్వయంగా అడిగాడట, చేను గల పెద్దాయన వేదికెక్కి ఒక్కమాట చెప్పాలని. ఈ రాళ్ళు వీరుల నెత్తురని మా తాత చెప్పేవాడు, అంతే, అంతకు మించి ఒక్క ముక్క అక్కర్లేదు.

"మా తాత ఎప్పుడూ అట్టా చెప్పలేదురా," అన్నాడు మామగారు.

"తెలుసు నాన్నా. నువ్వు చెప్పలేదంటే రేపటినుంచి నేను మళ్ళా కుర్చీలేసేవాణ్ణే." మా ఆయన తండ్రి మోకాలిమీద చేయి వేశాడు. "నా బతుక్కి ఇదొక్కటే వచ్చింది."

మామగారు గ్లాసు కింద పెట్టాడు. పొయ్యి దగ్గర నుంచి అత్తగారు, ఆ మాట చెప్పొద్దంది. మాటే గదా అడిగేది, చేను రాసిమ్మన్నాడా అన్నాడాయన. చేను అడిగినా బాగుండేది, తిట్టి పంపేవాడివి అంది ఆవిడ. ఆయన లేచి ఉతికిన పంచె అడిగాడు.

సాయంత్రం ఎండ వాలుతుండగా మామగారిని చేతులు పట్టుకుని వేదిక ఎక్కించారు. అంతమందిని ఆయన తిరనాళ్ళలో కూడా చూసి ఉండడు. మైకు ముందు నిలబడి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మా చేను వంక చూశాడు. నేను, అత్తగారు ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాం.

"మా తాత చెప్పేవాడు," అన్నాడు. ఆగాడు. "ఇయ్యి వీరుల నెత్తురని."

అంతే. నిజంగానే అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. డప్పులు మోగాయి. అభ్యర్థి వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. ఎర్రశాలువా కప్పారు. మా ఆయన ముందు వరసలో నిలబడి ఏడుస్తున్నాడు, కావాలని కాదు, నిజంగా. అత్తగారు నల్లకళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. సభ ముగిసీ ముగియకముందే జనం చేలో పడ్డారు. తలా ఒక రాయి కోసం మిరపమొక్కల్ని తొక్కుకుంటూ, కొమ్మలు విరుచుకుంటూ, వంగి మట్టి కెలికారు. పండిన కాయేదో రాయేదో తెలియని చోట రెండూ ఏరుకుపోయారు.

ఆ తర్వాత జరిగిందాన్ని ఎవరో చేశారని వేలు పెట్టి చూపలేను. ఎవరో గట్టుకు సున్నం కొట్టారు. ఎవరో జెండా పాతారు. ఎవరో ఒక బండ నిలబెట్టి పసుపు పూశారు. ఊళ్ళోవాళ్ళు గట్టు దగ్గర చెప్పులు విడవడం మొదలుపెట్టారు. మిగిలిన కోతకు అంకమ్మ కూలీల ముఠాను పిలిస్తే, చెప్పుల్లేకుండా ముళ్ళలో కోయలేం, చెప్పులతో ఆ చేలో దిగలేం అంది అంకమ్మ. మామగారు ఎంత నచ్చజెప్పినా ఆవిడ రాలేదు. కాయ చెట్టుమీదే ఎండి తెల్లబారిపోయింది.

ఓటింగుకు ముందు ఒకరోజు ఆయేషా తన విద్యార్థుల్ని తీసుకుని వచ్చింది. కొండ చూపించి వెళతానని నాకు ఫోన్ చేసే వచ్చింది. పిల్లలు సుత్తులతో గట్టుదాకా వచ్చేసరికి పార్టీ కుర్రాళ్ళు అడ్డం నిలబడ్డారు. అందులో మా ఆయన ఉన్నాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, ఇది పూజ చేసే చోటు మేడమ్, సుత్తులు పనికిరావన్నాడు. వెనక నుంచి ఒకడు ఆమె పేరు అడిగాడు. ఆమె చెప్పింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆయేషా వాళ్ళతో వాదించలేదు. గట్టుమీద కూర్చున్న మామగారి దగ్గరికి వెళ్ళింది. "పెదనాన్నా, మీరే గదా ఇవి కొండరాళ్ళని చెప్పేవాళ్ళు. మీ కోడలు జ్యోతి చెప్పింది నాకు. ఒక్కసారి వీళ్ళకు చెప్పండి, చాలు."

మామగారు కొండ వంక చూస్తూ ఉన్నాడు. "నాకేం తెలుసమ్మా," అన్నాడు. "పెద్దలు చెప్పింది చెప్పా."

ఆమె పిల్లల్ని తీసుకుని బస్సెక్కింది. నేను వెనకే పరుగెత్తాను. కిటికీలోంచి చేయి ఊపింది, కోపంగా కూడా లేదు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

మా పార్టీయే గెలిచింది. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే తొలకరి పడింది. దుక్కికి మంచి పదును. ఊళ్ళో అందరూ చేలమీద పడ్డారు. మామగారికి మంచంమీద ఒళ్ళు నిలవడం లేదు. ఎన్నికలు అయిపోయాయి, ఇక ఎవడికి పనుంది ఆ రాళ్ళతో అనుకున్నాడు. ఒక పొద్దున, చేను దున్నించి వస్తానని అత్తగారితో చెప్పి, ట్రాక్టరు తోలే ఆదాంను పిలుచుకుని బయల్దేరాడు. అత్తగారు ఆ రోజు ఎన్నాళ్ళకో పెందలాడే వంట మొదలుపెట్టింది. సద్ది తీసుకుని నేను వెనకే వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ట్రాక్టరు గట్టు దగ్గరే ఆగి ఉంది. ఊరు ఊరంతా ఉంది అక్కడ. పార్టీవాళ్ళే కాదు, ఓడిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వీరులు అందరివాళ్ళూ కదా. ఎవరూ దురుసుగా లేరు. చేతులు కట్టుకునే నిలబడ్డారు. నెత్తురుమీద ఇనుము ఎట్టా పెడతావు తాతా అని అడుగుతున్నారు. ఆదాం ఇంజను ఆపేసి, నాకెందుకొచ్చిన గొడవ బాబాయ్ అని దిగిపోయాడు. మా ఆయన జనంలో తల దించుకుని ఉన్నాడు. ముందుకు రాలేదు.

మామగారు అందరి వంకా చూశాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను అబద్ధం చెప్పాను," అన్నాడు.

వెనకున్నవాళ్ళు వినడానికి ముందుకు జరిగారు.

"మా తాత అట్టాంటిదేం చెప్పలేదు. ఇయ్యి ఉత్త రాళ్ళు. మా ఆడది ఏటా తట్టలకెత్తి వాగులో పోసేది. మీకందరికీ తెలుసు. చిన్నప్పుడు మీరంతా వీటితో అచ్చెనకాయలు ఆడలా?"

నేను ఒక్కొక్కరి మొహం చూశాను. ఆడిన వాళ్ళే అందరూ. పానకాలు ముందుకొచ్చి మామగారి భుజంమీద చేయి వేశాడు. గొంతులో చాలా దయ ఉంది. "పెద్దాయన్ని ఎవరో బెదిరించారు," అన్నాడు జనంతో. మామగారి వైపు తిరిగి, "నువ్వేం భయపడమాక బాపయ్యా. ఆ రోజు అంతమంది ముందు నువ్వు చెప్పిందే నిజం. ఇప్పుడు చెప్పేది నీ మాట కాదు," అన్నాడు. జనం అవునన్నారు. ఒక ముసలామె వచ్చి మామగారి కాళ్ళకు మొక్కి వెళ్ళింది. ఆయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. నేను తెచ్చిన సద్ది విప్పకుండానే ఇంటికి తీసుకొచ్చాను.

కాగితంమీద చేను ఇప్పటికీ మాదే. ఎవరూ లాక్కోలేదు. దున్నేవాడు రాడు, నాటేవాళ్ళు రారు, అంతే.

ఆ వానాకాలం మామగారికి పని లేదు. అలవాటైన కాళ్ళు చేను దగ్గరికే తీసుకెళ్ళేవి. చూడవచ్చినవాళ్ళు ఆయన్ను పోల్చుకుని, ఆ సంగతి చెప్పమనేవాళ్ళు. మొదట్లో తల అడ్డంగా ఊపి లేచి వచ్చేసేవాడు. తర్వాత ఆ ఒక్క ముక్కా చెప్పి ఊరుకునేవాడు. శ్రావణం దాటేసరికి, తన తాతకు ఆయన తాత చెప్పాడని కూడా కలపడం విన్నాను. దసరాకు స్కూలు పిల్లలు బస్సులో వస్తే, అమావాస్యనాడు చేలో కత్తులు రాసుకునే చప్పుడు వినబడుతుందని చెప్పాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆయన చాలా బాగా చెప్పాడు. మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు దించాలో తెలిసిపోయింది ఆయనకు. ఇంటికి వచ్చాక అత్తగారు అన్నం పెట్టి పక్కకు వెళ్ళి కూర్చునేది. వాళ్ళిద్దరి మధ్యా మాటలు తగ్గుతూ వచ్చి, కూర కావాలా అన్నదాని దగ్గర ఆగిపోయాయి.

కార్తీకమాసంలో చేలో వీరుల స్తూపానికి శంకుస్థాపన చేశారు. కమిటీకి అధ్యక్షుడు మా ఆయన. వేదికమీద ఆయన పేరు పిలిచారు, కుర్చీ వేశారు, మెళ్ళో దండ వేశారు. తర్వాత మామగారిని పిలిచారు. ఈసారి చేతులు పట్టుకుని ఎక్కించాల్సిన అవసరం రాలేదు. మైకు తనే సరిచేసుకున్నాడు. తను పసివాడిగా ఉన్నప్పుడు తాత తనను ఈ గట్టుమీదే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గుప్పిట్లో ఎర్రరాయి పెట్టి, ఇది మీ ముత్తాత నెత్తురురా అన్నాడని చెప్పాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా పక్కన కూర్చున్న మా పక్కింటి మల్లేశ్వరి పిన్ని కూడా కళ్ళు తుడుచుకుని, మీ ఆయన ఎంత బాగా చెబుతున్నాడు అక్కా అంది అత్తగారితో.

అత్తగారు లేచి చీర దులుపుకుంది. తాడేపల్లిలో చెల్లెల్ని చూసి చాలా కాలమైందనీ, వెళ్ళొస్తాననీ నాతో అంది. ఇప్పుడా అన్నాను. ఇప్పుడే అంది. చేతిసంచీ కూడా లేదు. రోడ్డుమీదకు నడుచుకుంటూ వెళ్ళి, అటుగా వచ్చిన బస్సు ఎక్కింది. మైకులో మామగారి గొంతు అప్పటికి యుద్ధం మధ్యలో ఉంది.

కార్తీకం వెళ్ళిపోయింది. ఆవిడ రాలేదు. మామగారు తనకు తానుగా ఫోన్ చేయడు. అన్నం ముందు కూర్చుని, మీ అత్తకు ఒకసారి ఫోన్ చేసి ఎప్పుడొస్తదో కనుక్కో అన్నాడు నాతో. నేను పెరట్లోకి వెళ్ళి చేశాను. ఆరోగ్యం బాగుందంది, కన్ను బాగా కనబడుతోందంది, చెల్లెలికి పూలు మాలకట్టడంలో సాయం చేస్తున్నానంది. మామయ్య రమ్మంటున్నాడు అత్తయ్యా, ఆయన మిమ్మల్ని అడగని పూట లేదు అన్నాను.

అవతల ఆవిడ, ఈ దారం అందుకోవే అని చెల్లెలితో అనడం వినబడింది.

"ఆయనెవరో నాకు తెలవదమ్మాయ్," అంది తర్వాత, ఎప్పటిలాగే మామూలుగా. "నా మొగుడు తొలకరినాడు చేను దున్నించుకొస్తానని పొద్దున్నే పోయాడు. ఇంకా ఇంటికి రాలా. వస్తే ఫోన్ చెయ్యి, అప్పుడొస్తా."

లోపలికి వచ్చాను. మామగారు అన్నం కలపకుండా నా కోసం చూస్తున్నాడు.

"ఏమన్నది?" అన్నాడు.

"ఏమీ అనలేదు మామయ్యా," అన్నాను. "అన్నం తినండి."